ముందు బటన్ నొక్కి చూడు

తమ్ముడూ,

ఏసీపీఐ మీద, అంటే కంప్యూటర్ కరెంటు వ్యవహారాలు ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) చూసుకునేలా చేసే ప్రమాణం మీద, నువ్వు పంపిన వ్యాసం చదివాను. తెలుగులో దీని గురించి రాయాలని ఒకరికి అనిపించడమే నాకు సంతోషం. కానీ రెండో పేజీకే ఆవలింత వచ్చింది. మెనూకాన్ఫిగ్‌లో, అంటే లినక్స్ కెర్నల్‌లో (ఓఎస్ గుండెకాయలో) ఏమేం ఉండాలో ఎంచుకునే మెనూలో, ఉన్నవన్నీ వరసగా దించేశావు: బ్యాటరీ, ఏసీ అడాప్టర్, బటన్, ఫ్యాన్, థర్మల్ జోన్. ఒక్కోదాని కింద 'దీన్ని ఆన్ చేయాలి' అని ఒక ముక్క. చేయకపోతే ఏమవుతుందో ఎక్కడా లేదు.

నా సంగతి చెప్తా విను. చాలా ఏళ్ల కిందట పాత ల్యాప్‌టాప్ కోసం కెర్నల్ బరువు తగ్గిద్దామని బటన్ ఆప్షన్ తీసేశాను. 'బటన్‌కి కూడా డ్రైవరా' అని నవ్వుకున్నాను కూడా. బూట్ బాగానే అయింది. రాత్రి స్క్రీన్ బిగుసుకుపోతే పవర్ బటన్ నొక్కాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. చివరికి నాలుగు సెకన్లు అదిమిపెడితే ఠక్కున ఆరిపోయింది, సేవ్ చేయని వ్యాసంతో సహా. అదిమిపెడితే ఆపేది హార్డ్‌వేర్. ఒక్కసారి నొక్కితే ఆ కబురు అందుకోవాల్సింది కెర్నల్. అందుకునేవాణ్ణే నేను ఇంట్లోంచి పంపేశాను. బటన్ గురించి రాస్తే ఇలాంటిది రాయి.

1996లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఈ ప్రమాణం తెచ్చాయని రాశావు, సరే. అంతకుముందు ఏపీఎం అనే పాత పద్ధతి రోజుల్లో కరెంటు తాళాలగుత్తి బయాస్ (మదర్‌బోర్డు మీదుండే ఫర్మ్‌వేర్) చేతిలో ఉండేది, ఏసీపీఐతో అది ఓఎస్ చేతికొచ్చింది. అయితే ఏ తాళం ఏ గదిదో చెప్పాల్సింది ఇప్పటికీ ఫర్మ్‌వేరే. డీఎస్‌డీటీ అనే పట్టికలో ఏఎంఎల్ బైట్‌కోడ్ (హార్డ్‌వేర్‌తో ఎలా మాట్లాడాలో చెప్పే కోడ్) పెట్టి ఇస్తుంది, దాన్ని నడిపే ఇంటర్‌ప్రెటర్ కెర్నల్ లోపలే ఉంటుంది. బ్యాటరీ ఎంతుందో తెలియాలన్నా ల్యాప్‌టాప్ కంపెనీవాళ్లు రాసిన ఆ కోడే నడవాలి. అందుకే నీ మెషీన్‌లో బుద్ధిగా ఉన్న కాన్ఫిగ్ పక్కవాడి దగ్గర తిక్కవేషాలేస్తుంది. అసలు ముక్క ఇదే, నీ వ్యాసంలో లేనిదీ ఇదే. ఏసీపీఐడంప్ అనే టూల్‌తో పట్టిక తీసి, ఐఏఎస్ఎల్ అనే టూల్‌తో చదవగలిగేలా విప్పి, ఓ పది లైన్లు చూపించు.

'సమస్య వస్తే ఏసీపీఐ=ఆఫ్ పెట్టండి' అన్న వాక్యం మాత్రం కొట్టెయ్. బూట్ చేసేటప్పుడు అది పెడితే కెర్నల్ ఏసీపీఐని పక్కన పెట్టేస్తుంది. ప్రాసెసర్ కోర్ల జాబితా కూడా ఏసీపీఐ పట్టికల్లోనే ఉంటుంది. నీ మాట నమ్మి పెట్టినవాడికి ఎనిమిది కోర్ల మెషీన్‌లో ఒక్కటే కనిపించవచ్చు. షట్‌డౌన్ చేసినా కరెంటు ఆగకపోవచ్చు. ఆ తిట్లన్నీ నీకే.

ఇంకోటి, 'యంత్రాంగ నిర్వహణ అంతర్ముఖం' ఏమిటయ్యా? అంతర్ముఖం అంటే చదివేవాడికి తపస్సు గుర్తొస్తుంది. ఇంటర్‌ఫేస్ అనెయ్.

మళ్లీ రాసేముందు బ్యాటరీ డ్రైవర్‌ను మాడ్యూల్‌గా (కెర్నల్ నడుస్తుండగానే తీసి పెట్టగల ముక్కగా) పెట్టి కెర్నల్ కట్టు. మాడ్యూల్ తీసెయ్, మళ్లీ చేర్చు. సిస్‌ఎఫ్‌ఎస్‌లోని (కెర్నల్ తన హార్డ్‌వేర్ వివరాలు ఫైళ్లుగా చూపించే చోట్లోని) పవర్_సప్లై ఫోల్డర్లో బీఏటీ0, అంటే నీ బ్యాటరీ, మాయమై తిరిగి రావడం నీ కళ్లతో చూడు. చూసిందే రాసి పంపు. మొదలుపెట్టేముందు వ్యాసం సేవ్ చేసుకో.

నీ అన్న