చూడని పేషెంట్‌కి పల్స్ 76

ప్రశ్న: ఎంబీబీఎస్ మూడో ఏడాది చదువుతున్నాను. మెడిసిన్ పోస్టింగ్‌లో ఇద్దరు పేషెంట్లను చూడకుండానే ఫ్రెండ్ కేస్ షీట్ చూసి, నేను చూసిన కేసులు రాయాల్సిన లాగ్ బుక్ నింపేశాను. సార్ సంతకం కూడా పెట్టేశారు. మా బ్యాచ్‌లో చాలామంది ఇంతే. ఇప్పుడు చెప్తే కెరీర్ పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: చెప్పెయ్యమ్మా. సార్ అడిగేదాకా ఆగకు.

అందరూ చేస్తున్నారన్నది నిజమే కావచ్చు, కాదనను. ప్రాక్సీ అటెండెన్స్, రికార్డు కాపీ, ఇవన్నీ తప్పులే కానీ అన్నీ ఒకే బరువు కాదు. ఫ్రెండ్ రికార్డులో బొమ్మ చూసి దించేస్తే నష్టం చాలావరకు నీ చదువుకే, పల్స్ పట్టుకోకుండా 76 అని రాస్తే మాత్రం అది ఇంకో మనిషి ఒంటి గురించి చెప్పిన అబద్ధం. వార్డులో కేస్ షీట్లు తిరగేసి శ్వాస రేటు చూడు, 18, 20, 18, 20 అని వరసగా ఉంటుంది. నిమిషం పాటు నిలబడి లెక్కపెట్టినవాళ్లు ఎంతమందంటావ్? పేషెంట్ పరిస్థితి దిగజారుతోందని ముందుగా పట్టించే గుర్తుల్లో అదొకటి, చూడకుండా రాసేసేదీ ఎక్కువగా అదే. లాగ్ బుక్‌లో అలవాటైన చెయ్యి, హౌస్ సర్జన్ అయ్యాక రాత్రి మూడింటికి అసలు కేస్ షీట్‌లో ఆగుతుందని నాకు నమ్మకం లేదు.

కెరీర్ అన్నావు కాబట్టి ఒకటి చెప్తాను. 2005లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అమెరికా అధ్యయనం వచ్చింది. అక్కడ లైసెన్సులిచ్చే మెడికల్ బోర్డులు చర్య తీసుకున్న 235 మంది డాక్టర్ల కాలేజీ ఫైళ్లనీ, ఏ చర్యా లేని 469 మంది ఫైళ్లనీ పోల్చి చూస్తే, చదువుకునే రోజుల్లోనే ప్రవర్తన బాగోలేదని ఫైల్లో ఉన్నవాళ్ల మీద తర్వాత చర్య పడే అవకాశం సుమారు మూడు రెట్లు ఎక్కువని తేలింది. అందులో గట్టిగా ముడిపడినవి ఏమిటో తెలుసా, బొత్తిగా బాధ్యత లేకపోవడం, చెప్పినా దిద్దుకోకపోవడం. నువ్వు దిద్దుకుంటానని నీ అంతట నువ్వే అడుగుతున్నావు, తేడా అక్కడే ఉంది.

ఓపీ అయ్యాక ఒక్కదానివే వెళ్లు. రెండు పేజీలూ తెరిచి, "సార్, ఈ రెండు కేసులు నేను చూడలేదు, వేరే కేసులు తీసుకుని రాస్తాను" అను, అంతే. బ్యాచ్ ఊసెత్తకు. పేజీ చింపడం, వైట్‌నర్ పూయడం లాంటివి అసలొద్దు, సార్ సరేనంటే కేస్ షీట్‌లో దిద్దినట్టే దిద్దు: కింది అక్షరాలు కనబడేలా ఒక్క గీత, పక్కన తేదీ, సంతకం. తిట్లు పడొచ్చు, పోస్టింగ్ మళ్లీ చెయ్యమనొచ్చు కూడా. చేసెయ్. వెళ్లేటప్పుడు సెకన్ల ముల్లున్న వాచీ పెట్టుకుని వెళ్లు.