అడ్వాన్సు వాపసు ఇచ్చేస్తే అగ్రిమెంటు పోతుందా?

ఇల్లు అమ్మకం గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు జవాబులు

ప్ర: 2012లో 30 లక్షలకు కొన్న ఇల్లు ఇప్పుడు 90 లక్షలకు బేరం కుదిరింది. ప్రభుత్వ విలువ 55 లక్షలే. దానికే రిజిస్ట్రేషన్ చేయించి, మిగతా 35 లక్షలు నగదుగా ఇస్తామంటున్నారు. పన్ను మిగులుతుంది, ఇబ్బంది వస్తే కొన్నవాళ్లకే కదా? (గుంటూరు)

జ: ఇబ్బంది వచ్చేది ముందుగా మీకే. స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు గానీ, అంతకు మించి గానీ నగదుగా తీసుకోకూడదు. తీసుకుంటే అంతే మొత్తం జరిమానా పడవచ్చు, అదీ పుచ్చుకున్నవారి మీద. 35 లక్షలకు 35 లక్షలు! పైగా దస్తావేజులో ‘పూర్తి సొమ్ము ముట్టింది’ అని మీరే సంతకం పెడతారు. ఆ తర్వాత నగదులో కొంత ఎగ్గొడితే ఏ కాగితం చూపించి అడుగుతారు?

అసలు మీరు భయపడుతున్న పన్ను ఎంతో చూద్దాం. లాభం 60 లక్షలు. దానిపై 12.5 శాతం అంటే 7.5 లక్షలు. 2024 జూలై 23కు ముందు కొన్న ఇల్లు కాబట్టి, దేశంలో నివసించే వ్యక్తిగా మీకు ఇంకో లెక్కా వర్తిస్తుంది. కొన్న ధరను ద్రవ్యోల్బణ సూచీతో పెంచి, మిగిలిన లాభంపై 20 శాతం కట్టడం. సూచీ 2012-13లో 200, 2025-26లో 376. ఆ ఏడాది అమ్మకమైతే కొన్న ధర 56.4 లక్షలవుతుంది, లాభం 33.6 లక్షలు, పన్ను 6.72 లక్షలు. రెండింటిలో తక్కువైనదే కడతారు, సెస్సు అదనం.

ఇది కూడా కట్టనక్కర్లేని దారి ఉంది. అమ్మిన రెండేళ్లలోగా వేరే ఇల్లు కొన్నా, మూడేళ్లలోగా కట్టుకున్నా, అమ్మకానికి ఏడాది ముందే కొని ఉన్నా లాభంలో అందులో పెట్టిన మేరకు మినహాయింపు వస్తుంది. పెట్టాల్సింది లాభాన్నే, అమ్మిన సొమ్మంతా కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు: కొత్త ఇల్లు దొరికేదాకా డబ్బును మామూలు ఎఫ్‌డీలో వేసి ఉంచుతారు. ఆదాయపు పన్ను రిటర్న్ గడువులోగా బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతా (ఇలాంటి లాభాన్ని దాచే ప్రత్యేక ఖాతా) తెరిచి అందులో వేస్తేనే మినహాయింపు నిలుస్తుంది. దస్తావేజులోకి ఎక్కని నగదుకు ఈ సదుపాయం ఏదీ ఉండదు.

మరో సంగతి. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవారు మీకిచ్చే సొమ్ములోంచి 1 శాతం టీడీఎస్ (ముందుగానే కోసే పన్ను) పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. మీ బేరంలో అది 90,000. తక్కువిచ్చారని తగువు పడకండి. అది మీ పాన్ మీద జమవుతుంది, రిటర్న్‌లో సర్దుకోవచ్చు.

ప్ర: 5 లక్షలు బయానా తీసుకుని అగ్రిమెంటు రాసిచ్చాం. ఇప్పుడు ఇంకొకరు ఎక్కువ ఇస్తామంటున్నారు. బయానా వాపసు ఇచ్చేస్తే సరిపోతుందా? (కరీంనగర్)

జ: సరిపోదు. మొదటివారు డబ్బు వద్దు, ఇల్లే కావాలని కోర్టుకు వెళ్లవచ్చు. అగ్రిమెంటులో రాసిన గడువు తేదీ నుంచి వాళ్లకు మూడేళ్ల సమయం ఉంటుంది. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత ఇలాంటి దావాల్లో కొనేవారి పక్షం మరింత బలపడింది. పాత అగ్రిమెంటు ఉందని తెలిసీ కొన్న రెండోవారికి కూడా రక్షణ దొరకదు. మొదటివారు ఒప్పుకుంటే రద్దు పత్రం రాయించుకుని, బ్యాంకు ద్వారా సొమ్ము వాపసు ఇచ్చి, అసలు అగ్రిమెంటు చేతికి తీసుకోండి. ఆ తర్వాతే కొత్త బేరం. వాళ్లే గడువు దాటించి ఉంటే ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి. బయానా జప్తు చేసుకునే హక్కు అగ్రిమెంటులో రాసుకున్న షరతును బట్టి ఉంటుంది. జప్తు చేసుకున్న సొమ్ము ఆ ఏడాది మీ ఆదాయంలో కలుస్తుంది.

ప్ర: నాన్నగారు వీలునామా రాయకుండా పోయారు. ఆయన సొంతంగా కట్టిన ఇల్లు. ఇంటిపన్ను నా పేరుకు మార్చుకున్నాను. చెల్లెళ్లకు పెళ్లిళ్లప్పుడే ఇవ్వాల్సింది ఇచ్చాం. నేనొక్కడినే అమ్మవచ్చు కదా? (కాకినాడ)

జ: కుదరదు. ఇంటిపన్ను రసీదు పన్ను ఎవరు కడుతున్నారో చెబుతుందే గానీ యజమాని ఎవరో తేల్చదు. మీ అమ్మగారు, మీరు, చెల్లెళ్లు అందరివీ సమాన వాటాలు. నాయనమ్మ ఉంటే ఆవిడకూ వాటా ఉంది. పెళ్లికి పెట్టింది ఆస్తి వాటా కిందకు రాదు. అందరూ విక్రయ దస్తావేజుపై సంతకాలు చేయాలి, లేదా ముందుగా తమ వాటా వదులుకుంటూ మీ పేరిట హక్కు విడుదల దస్తావేజు రిజిస్టర్ చేయించాలి. నోటరీ కాగితం మీద ‘మాకేమీ వద్దు’ అని రాయించుకుంటే చెల్లదు.

చెల్లెళ్లలో ఎవరైనా విదేశంలో ఉంటే అక్కడి భారత కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీకి ధ్రువీకరణ చేయించి పంపాలి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టాలి. ఆమె వాటాపై టీడీఎస్ 1 శాతం కాదు, చాలా ఎక్కువ. 50 లక్షల హద్దు కూడా వర్తించదు. తక్కువ కోతకు ఆదాయపు పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు, దానికి బేరం కుదరగానే దరఖాస్తు చేయాలి. రిజిస్ట్రేషన్ ముందురోజు గుర్తొస్తే లాభం లేదు.

ప్ర: హోమ్ లోన్ తీరేదాకా ఇల్లు అమ్మకూడదంటారు, నిజమేనా? (వరంగల్)

జ: కాదు. బ్యాంకు నుంచి బకాయి ఎంతో తెలిపే లేఖ, తమ దగ్గరున్న దస్తావేజుల జాబితా తీసుకోండి. కొనేవారు గానీ, వాళ్ల బ్యాంకు గానీ ఆ మొత్తాన్ని నేరుగా లోను ఖాతాలో జమ చేస్తారు, మిగిలింది మీకిస్తారు. అప్పు తీరిన 30 రోజుల్లోగా బ్యాంకు కాగితాలు తిరిగివ్వాలి. తమ తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు మీకు చెల్లించాలని రిజర్వు బ్యాంకు నిబంధన. తనఖా రిజిస్టర్ అయి ఉంటే దాని రద్దునూ రిజిస్టర్ చేయించి, కొత్త ఈసీ (ఆస్తిపై నమోదైన లావాదేవీలు, తనఖాలు చూపే పత్రం) తీసి చూసుకోండి.