టాలీ ఎంట్రీలు వేసే అమ్మాయి అనలిస్టు కాగలదా?

ప్రశ్న: మాది గుంతకల్లు. ఎరువులు, పురుగుమందుల దుకాణం నడుపుతున్నాను. మా అమ్మాయి బీకాం కంప్యూటర్స్ ఆఖరి సంవత్సరంలో ఉంది. కాలేజీ నుంచి వచ్చాక దుకాణం లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ టాలీలో ఎంట్రీలన్నీ తనే వేస్తుంది. బెంగళూరు వెళ్లి బిజినెస్ అనలిటిక్స్ కోర్సు చేస్తానంటోంది. ఆరు నెలలకు లక్షా ఇరవై వేలట, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. వ్యాపారంలో నిర్ణయాలకు కంప్యూటర్ సాయం చేస్తుందని చెబుతోంది. నేనైతే ఇన్నేళ్లూ అంచనా మీదే సరుకు తెప్పించాను. అలాంటి ఉద్యోగాలు నిజంగా ఉన్నాయా? బీటెక్ వాళ్లుండగా బీకాం పిల్లకు ఎవరిస్తారు? డిగ్రీ అయ్యాక కొన్నాళ్లు ఇంటిపట్టునే ఉండి నేర్చుకుంటే గ్యాప్ వచ్చిందంటారేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఉద్యోగాలున్నాయండీ. బీకాం వాళ్లకూ ఉన్నాయి. కానీ ఆ లక్షా ఇరవై వేలు ఇప్పుడే కట్టకండి. మీ అమ్మాయి ముందుగా నేర్చుకోవాల్సింది మీ దుకాణంలోనే ఉంది.

మీ కౌంటర్ మీద ఎరువుల అమ్మకం నమోదు చేసే పాస్ మిషన్ ఉంటుంది కదా. సాధారణంగా రైతు ఆధార్ నంబరు చెప్పి వేలిముద్ర వేశాకే యూరియా బస్తా బిల్లు అవుతుంది. 2018 మార్చి కల్లా దేశమంతా ఈ పద్ధతి వచ్చేసింది. ఆ వేలిముద్రతో పాటు ఏ ఎరువు ఎన్ని బస్తాలు అమ్ముడైందో కేంద్రం దాకా వెళ్తుంది. కంపెనీకి సబ్సిడీ డబ్బు వచ్చేది ఆ అమ్మకం లెక్క మీదే. ఏ జిల్లాలో ఎంత నిల్వ ఉంది, ఎక్కడికి ఇంకా పంపాలి అని అధికారులు చూసేదీ ఆ లెక్కే. అంటే మీ దుకాణం నుంచి వెళ్లిన సమాచారంతో పైన నిర్ణయాలు జరుగుతూనే ఉన్నాయి. అదే సమాచారంతో మీ దుకాణం నిర్ణయాలు కూడా తీసుకోవచ్చు. మీ అమ్మాయి చెబుతున్నది ఇదే.

హెర్బర్ట్ సైమన్ అని అమెరికాలో ఒక పండితుడు ఉండేవారు. సంస్థల్లో నిర్ణయాలు ఎలా జరుగుతాయన్న పరిశోధనకు 1978లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. ఆయన నిర్ణయాలను రెండు రకాలుగా చూశారు. కొన్ని పదే పదే వస్తాయి, వాటికి ఒక పద్ధతి పెట్టుకోవచ్చు. కొన్ని కొత్తగా వస్తాయి, వాటికి ముందే వేసిన దారి ఉండదు. మీ దుకాణంలో చూస్తే, సరుకు ఫలానా మట్టానికి తగ్గగానే ఆర్డర్ పెట్టడం మొదటి రకం. ఆ పని సాఫ్ట్‌వేర్‌కు వదిలేయవచ్చు. ఉరవకొండలో ఇంకో దుకాణం తెరవాలా వద్దా అనేది రెండో రకం. అక్కడ కంప్యూటర్ లెక్కలు ముందు పెడుతుంది గానీ తేల్చాల్సింది మీరే. ఈ రెండింటికీ మధ్య బోలెడన్ని నిర్ణయాలుంటాయి. ఈ ఖరీఫ్‌లో ఎవరికి ఎంతవరకు అప్పివ్వాలి, ఏ మందు ఎంత తెప్పించాలి, గడువు దగ్గరపడిన డబ్బాలను ఎప్పుడు తగ్గించి అమ్మేయాలి లాంటివి. అనలిస్టులకు, అంటే లెక్కలు విశ్లేషించి నిర్ణయాలకు సాయపడేవాళ్లకు, జీతాలిచ్చేది ఎక్కువగా ఈ మధ్య రకం కోసమే.

అప్పు సంగతే తీసుకుందాం. వేరుశనగ అమ్ముడయ్యాక కడతామని రైతులు ఖాతాలో రాయించుకుంటారు. టాలీలో బిల్లులవారీ వివరాలు ఆన్ చేసి ఉంటే, ఎవరి బాకీ ఎన్ని రోజులుగా ఉందో ఒక్క రిపోర్టులో కనిపిస్తుంది. కానీ రిపోర్టు తీయగానే నమ్మడానికి లేదు. ఉదాహరణకు ‘ఓబులేసు’ పేరుతో 9,000, ‘ఓబులేసు కసాపురం’ పేరుతో 14,000, ‘కసాపురం ఓబులేసన్న’ పేరుతో 22,000 బాకీ కనిపించాయనుకోండి. కంప్యూటర్‌కు వాళ్లు ముగ్గురు చిన్న బాకీదారులు. మీకు మాత్రం అది ఒకే మనిషి, 45,000 రూపాయల బాకీ. ఇంకో పదివేల మందు అప్పివ్వాలా అన్న ప్రశ్నకు ఈ రెండు లెక్కలూ ఒకే జవాబు చెప్పవు. పెద్ద కంపెనీల్లో కూడా అనలిస్టు సమయం చాలావరకు ఇలాంటి పేర్లు కలపడానికి, తప్పుడు ఎంట్రీలు సరిచేయడానికే పోతుంది. కోర్సుల్లో ఇచ్చే డేటా ముందే శుభ్రం చేసి ఉంటుంది కాబట్టి ఈ పని అక్కడ అంతగా అలవాటు కాదు. మీ అమ్మాయికి ఇంట్లోనే నేర్చుకునే వీలుంది.

సరుకు విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. నిరుడు ఆగస్టులో ఒక పురుగుమందు అమ్మకం సున్నా అని టాలీ చూపించిందనుకోండి. అది ఎవరూ అడగక సున్నా అయిందా, కంపెనీ లారీ రాక, సరుకు లేక సున్నా అయిందా? అమ్మకాల పట్టికలో రెండూ ఒకేలా ఉంటాయి. దాన్ని చూసి ఈసారి తక్కువ తెప్పిస్తే మళ్లీ సరుకు అయిపోతుంది, మళ్లీ రైతు పక్క దుకాణానికి పోతాడు. తెలియని మనిషి ఆ సున్నాను గిరాకీ లేదని రాసేస్తాడు. మీ అమ్మాయికి ఆ నెల సంగతి తెలుసు, తెలియకపోతే మిమ్మల్ని అడుగుతుంది. రేపటి నుంచే కౌంటర్ దగ్గర ఒక నోట్‌బుక్ పెట్టించండి. ఎవరైనా అడిగిన సరుకు లేదని చెప్పి పంపిన ప్రతిసారీ తేదీ, మందు పేరు రాయండి. మామూలు బిల్లింగ్‌లో ఎక్కడా ఎక్కని సమాచారం అది. నా దృష్టిలో సరుకు నిర్ణయానికి దానంత విలువైన లెక్క ఇంకోటి లేదు.

మీ అంచనాను తక్కువగా చూడమని నేను అనను. వాన పడిన తీరు, ఏ ఊళ్లో బోర్లు ఎండాయి, పప్పుశనగ ఎంతమంది వేస్తారు అన్నవన్నీ కలిసి మీ మనసులో లెక్క అవుతున్నాయి. వచ్చే సీజన్‌కు ముందు ఒక పని చేయండి. ముఖ్యమైన పదీ పన్నెండు సరుకులకు మీ అంచనా మీరు కాగితం మీద రాయండి. మూడేళ్ల అమ్మకాలు, మండలాలవారీ వర్షపాతం చూసి మీ అమ్మాయి తన అంచనా రాస్తుంది. సీజన్ అయ్యాక రెండూ అసలు అమ్మకం పక్కన పెట్టి చూడండి. ఎక్కడ మీరు దగ్గరగా వచ్చారు, ఎక్కడ తను వచ్చింది, ఎందుకు అన్నది ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఇంతకంటే గట్టి ప్రాజెక్టు ఏ సంస్థా ఇవ్వలేదు.

ఇక బీటెక్ వాళ్ల సంగతి. సాఫ్ట్‌వేర్ రాయడంలో వాళ్లతో పోటీ కష్టమే. కానీ మీ అమ్మాయి వెళ్లేది ఆ పనికి కాదు. జీఎస్టీ, క్రెడిట్ నోట్, ఉద్దెర, మార్జిన్ అంటే ఏమిటో తనకు వేరే చెప్పక్కర్లేదు. మొదట ఎంఐఎస్ ఎగ్జిక్యూటివ్ లాంటి ఉద్యోగాలు చూడాలి. రోజువారీ అమ్మకాలు, నిల్వలు, వసూళ్ల రిపోర్టులు తయారుచేసి మేనేజర్‌కు ఇచ్చే పని అది. దాని మీదుగా డేటా అనలిస్టు, బిజినెస్ అనలిస్టు పోస్టులకు వెళ్లవచ్చు. శాప్ లాంటి ఈఆర్‌పీల్లో, అంటే కంపెనీ పనులన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్లలో, ఫైనాన్స్, కొనుగోళ్ల విభాగాల పనికి కామర్స్ వాళ్లు బాగా సరిపోతారు. బెంగళూరు, హైదరాబాదే కాదు, పెనుకొండ దగ్గరి కార్ల ఫ్యాక్టరీ, దానికి విడిభాగాలిచ్చే కంపెనీలు, తాడిపత్రి సిమెంటు, నంద్యాల విత్తన కంపెనీల్లో కూడా ఈ లెక్కలు చూసే మనుషులు కావాలి.

నేర్చుకునే వరుస కూడా చెబుతాను. ముందు ఎక్సెల్ గట్టిగా రావాలి. డేటాను కుదించి చూపే పివట్ టేబుల్, ఒక పట్టికలోని వివరాన్ని వెతికి తెచ్చే ఎక్స్‌లుకప్ చూడకుండా చేయగలగాలి. టాలీ నుంచి డేటాను ఎక్సెల్‌లోకి తీసుకుని దాని మీదే సాధన చేయాలి. తర్వాత డేటాబేస్ నుంచి సమాచారం బయటికి తీసే ఎస్‌క్యూఎల్. ఆ తర్వాత లెక్కలను చార్టులుగా చూపే పవర్ బీఐ, దాని డెస్క్‌టాప్ వెర్షన్ ఉచితమే. ప్రోగ్రామింగ్ భాష పైథాన్‌కు తొందరలేదు. స్టాటిస్టిక్స్‌ను మాత్రం పక్కన పెట్టొద్దు. ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదికలు స్వయం, ఎన్‌పీటెల్ పాఠాలు డబ్బు కట్టకుండానే చూడవచ్చు, సర్టిఫికెట్ పరీక్ష రాయాలంటేనే ఫీజు. దుకాణం డేటా చాలకపోతే మార్కెట్ యార్డుల ధరలు చూపే ప్రభుత్వ ఆగ్‌మార్క్‌నెట్ సైట్‌లో కర్నూలు ఉల్లి, ఆదోని పత్తి ధరలు తీసుకుని ఏ నెలలో ధర ఎలా మారిందో చూడవచ్చు. ఇంగ్లిష్‌లో రోజూ పది నిమిషాలు గట్టిగా మాట్లాడాలి. తను కనిపెట్టింది మేనేజర్‌కు రెండు నిమిషాల్లో చెప్పలేకపోతే రిపోర్టు ఎంత బాగున్నా ఎవరూ చదవరు.

ఇదంతా చేశాక కూడా కోర్సు కావాలనిపిస్తే అప్పుడు వెళ్లవచ్చు. ఉద్యోగం గ్యారంటీ అన్న మాట కాగితం మీద రాసివ్వమనండి. ఉద్యోగం రాకపోతే ఫీజు వెనక్కిస్తారా, ఎన్నాళ్లలో ఇస్తారు అని అడగండి. పోయిన బ్యాచ్‌లో బీకాం చదివినవాళ్లతో ఫోన్‌లో మాట్లాడించమనండి. తప్పించుకుంటుంటే ఆ డబ్బు మీ దగ్గరే ఉండనివ్వండి.

ఎంబీఏ కూడా మంచి దారే. ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ రాస్తే అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఇంటి దగ్గరే చదవవచ్చు. ఒకటి రెండేళ్లు ఉద్యోగం చేసి వెళ్తే పాఠాలు ఇంకా బాగా ఒంటబడతాయని నా అభిప్రాయం. కానీ మంచి సీటు వస్తే వదులుకోమని చెప్పను.

గ్యాప్ గురించి టెన్షన్ పడకండి. ఖాళీగా కూర్చుంటేనే అది గ్యాప్. దుకాణంలో చేసే పనిని రెజ్యూమేలో ఉన్నదున్నట్టు రాయమనండి. ఎంతమంది రైతుల ఖాతాలు చూసింది, ఎన్ని డబుల్ పేర్లు కలిపింది, పాత బాకీ ఎంత వసూలైంది అన్నవి అంకెలతో సహా రాయాలి. రైతుల పేర్లు, ఆధార్ వివరాలు మాత్రం బయట ఎవరికీ చూపించకూడదు, ప్రాజెక్టులో పేర్ల బదులు నంబర్లు పెట్టుకోవాలి. ఆరు నెలలు ఇలా చేశాక కూడా ఇంటర్వ్యూ పిలుపులు రాకపోతే ఆ రెజ్యూమే, తను చేసిన రిపోర్టులు రెండూ నాకు పంపించండి, చూసి చెబుతాను.