పక్కింటి ఫిలిప్పీనో కుటుంబం పిలిస్తే

సందేహం: దుబాయ్ కరామాలో ఫ్లాట్ తీసుకుని మూడు నెలలైంది. పక్క ఫ్లాట్‌లో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన కుటుంబం ఉంటోంది. వాళ్ల బాబు బాప్తిజానికి మమ్మల్ని పిలిచారు, నా భార్యను ‘నినాంగ్’గా ఉండమని కూడా అడిగారు. మేం హిందువులం. కోడి, చేప తింటాం గానీ గొడ్డు, పంది మాంసం ముట్టం. వెళ్తే ఎలా మసలుకోవాలి?

జవాబు: తప్పకుండా వెళ్లండి. అయితే ‘నినాంగ్’ అన్న మాటకు సరేననే ముందు దాని బరువు తెలుసుకోండి. అది ఒక్క పూటతో తీరే పని కాదు.

నినాంగ్ అంటే జ్ఞానమాత, నినోంగ్ అంటే జ్ఞానపిత. క్యాథలిక్ చర్చి నియమం ప్రకారం బిడ్డకు ఒక్కరు చాలు, లేదా ఒక మగ, ఒక ఆడ. వాళ్లకు పదహారేళ్లు నిండి ఉండాలి, భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) పొందిన క్యాథలిక్కులై ఉండాలి. వేరే సంఘంలో బాప్తిజం తీసుకున్న క్రైస్తవులు క్యాథలిక్ జ్ఞానపితతో కలిసి ‘సాక్షి’గా నిలబడవచ్చు. హిందువుకు ఈ రెండూ కుదరవు. అలాగని మీ పొరుగువాళ్లు తెలియక అడిగారని అనుకోకండి. ఫిలిప్పీనో కుటుంబాలు దగ్గరివాళ్లనుకున్న పదిమందినో ఇరవైమందినో నినోంగ్, నినాంగ్‌లుగా పిలుచుకుంటాయి. చర్చి పుస్తకంలోకి ఎక్కేది ఇద్దరే, మిగతా పేర్లు ఆహ్వానపత్రిక మీద ఉంటాయి. అందుకే మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న, ‘పేరు చర్చి రిజిస్టర్‌లోనా, పత్రికలోనా?’ పత్రికలోనే అయితే అభ్యంతరం ఉండదు.

ఒప్పుకుంటే ఆ రోజు బిడ్డ పేర కవరులో డబ్బు పెట్టాలి. దాన్ని పకిమ్‌కిమ్ అంటారు. ఆ తర్వాత ఏటా క్రిస్మస్‌కు ఆ బిడ్డ మీ దగ్గరికి వస్తాడు, కొత్త నోటో బొమ్మో ఇవ్వాలి. అది అగినాల్డో. ఇంతని లెక్కేమీ లేదు. మా సలహా ఏమిటంటే, మొదటిసారి ఘనంగా ఇచ్చి మరుసటేడు తగ్గించేకంటే యాభై దిర్హాములైనా ఏటా ఒకేలా ఇవ్వగలిగింది ఎంచుకోండి. ఇక ఆ తల్లి మీ ఆవిడను ‘మారె’ అని పిలవడం మొదలుపెడుతుంది. మన వియ్యపురాలి వరసలా అదొక కొత్త చుట్టరికం. కష్టసుఖాల్లో కబురు పెడతారు, మీరూ పెట్టాలి. వద్దనుకుంటే నలుగురి ముందు కాదనకండి. ముఖం చిన్నబోవడాన్ని వాళ్లు ‘హియా’ అంటారు, అది చాలా గట్టి మాట. విడిగా కూర్చుని, ‘అతిథులుగా వచ్చి బిడ్డను దీవిస్తాం’ అని చెప్పండి. వాళ్లు కూడా ముఖం మీద ‘కుదరదు’ అనరు. ‘ప్రయత్నిస్తాను’ అంటే చాలాసార్లు రానట్టే.

తిండి సంగతి ముందే మాట్లాడుకోవాలి. ‘బాబోయ్’ అంటే పంది, ‘బాకా’ అంటే గొడ్డు, ‘మనోక్’ కోడి, ‘ఇస్దా’ చేప, ‘హిపోన్’ రొయ్య, ‘గులాయ్’ కూరగాయలు. ఈ ఆరు మాటలు నేర్చుకుంటే సగం ఇబ్బంది తీరుతుంది. చికెన్ కోసం అడోబో (వెనిగర్, సోయా సాస్‌లో ఉడికించే కూర) గిన్నె వైపు చెయ్యి చాపేముందు ‘మనోక్?’ అని అడగండి, అదే వంట పందితోనూ చేస్తారు. లుంపియా షాంఘై మన స్ప్రింగ్ రోల్‌లా కనిపిస్తుంది, లోపల మామూలుగా పంది కీమా ఉంటుంది. కరె-కరె పల్లీల గుజ్జుతో చూడముచ్చటగా ఉంటుంది గానీ అందులో గొడ్డు తోక వేస్తారు. సిసిగ్ పంది తలమాంసం, నల్లగా కనిపించే దినుగువాన్ పంది నెత్తురుతో వండేది. పిల్లల పుట్టినరోజుల్లో పెట్టే తియ్యటి స్పగెట్టీలో హాట్‌డాగ్ ముక్కలు, కీమా కలుస్తాయి. పిల్లలు దానికోసమే ఎగబడతారు కాబట్టి అది దేనితో చేశారో ముందే కనుక్కోండి.

పూర్తి శాకాహారులు ఇంకో సంగతి గమనించాలి. పినక్‌బెట్‌లో వంకాయ, బెండకాయ, కాకర, గుమ్మడి ఉంటాయి, చూస్తే మన కలగూరే. కానీ దానికి రుచి తెచ్చేది బగూంగ్ అనే పులియబెట్టిన రొయ్యల ముద్ద. చాలా వంటల్లో ఉప్పుకు బదులు పాతిస్ అనే చేపల రసం పోస్తారు. ‘మాంసం లేదు’ అని వాళ్లు నిజాయితీగానే అంటారు, పాతిస్‌ను మాంసంగా లెక్కించరు. అందుకని ‘బగూంగ్, పాతిస్ కూడా లేవా?’ అని అడగాలి. నమ్మకంగా తినదగ్గవి తీపి వంటకాలు: బీకో (బంక బియ్యం, కొబ్బరిపాలు, ముడి చక్కెర), సుమాన్ (ఆకులో చుట్టి ఉడికించే బంక బియ్యం), అరటిపండును పల్చటి రేకులో చుట్టి వేయించే తురోన్. బిబింగ్కా అనే బియ్యప్పిండి కేకులో, లెచె ఫ్లాన్ అనే పాల కస్టర్డ్‌లో గుడ్డు ఉంటుంది.

మీరూ ఏదైనా వండి పట్టుకెళ్తే ఎంతో సంతోషిస్తారు. చింతపండు పులుపు వాళ్లకు బాగా అలవాటు, సినిగాంగ్ చారు దానితోనే కాస్తారు. కాబట్టి పులిహోర చక్కగా నచ్చుతుంది. మిరపకాయలు మాత్రం మూడో వంతుకు తగ్గించండి, బికోల్ ప్రాంతంవాళ్లు తప్ప ఎక్కువమంది కారం తినరు. పుట్టినరోజైతే పన్సిట్ చేసి తీసుకెళ్లండి. పొడవాటి నూడుల్స్ దీర్ఘాయుష్షుకు గుర్తు, వండేటప్పుడు విరవకూడదు. అర కిలో బిహోన్ అనే బియ్యపు సేమియా ఎనిమిది, పదిమందికి సరిపోతుంది. చన్నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి వంపేయండి. వేడినీళ్లలో నానబెడితే పొయ్యి మీదికి వెళ్లేసరికి ముద్దయిపోతుంది. వెల్లుల్లి, ఉల్లి వేయించి, క్యాబేజీ, క్యారట్, బీన్స్ కరకరలాడుతుండగానే తీసి పక్కన పెట్టండి. అదే బాణలిలో ఐదారు కప్పుల కూరగాయల నీళ్లు, పావు కప్పు సోయా సాస్ మరిగించి నూడుల్స్ వేయండి. నీరు పూర్తిగా ఇంకాక కూరలు కలిపి, పైన మిరియాల పొడి చల్లి నిమ్మచెక్కలు పెట్టండి. నిమ్మ ముందే పిండితే చల్లారేసరికి రుచి చెడుతుంది.

విందులో పిల్లలు వచ్చి మీ కుడిచేతిని పట్టుకుని నుదుటికి ఆనించుకుంటే కంగారుపడి షేక్‌హ్యాండ్ ఇవ్వకండి. అది ‘మానో’, మన పాదాభివందనం లాంటిది. చేతి వెనుకవైపు పైకి ఉండేలా వదులుగా అందిస్తే చాలు. మనం ‘అండీ’ చేర్చినట్టు వాళ్లు ‘పో’ చేరుస్తారు. మీకంటే పెద్దవాళ్లను కుయా (అన్న), అతె (అక్క) అని పిలవండి, ఉత్త పేరుతో పిలవద్దు. కనుబొమలు ఎగరేస్తే అవునని అర్థం. వెళ్లేటప్పుడు మిగిలిన వంటలు కట్టి ఇస్తారు, వద్దంటే నొచ్చుకుంటారు.

డిసెంబరు వస్తే పిలుపులు వరుస కడతాయి. సెప్టెంబరు నుంచే వాళ్ల బాల్కనీలో పరోల్ అనే నక్షత్ర దీపం వెలుగుతుంది, గుంటూరు, కృష్ణా జిల్లాల్లో క్రైస్తవుల ఇళ్ల ముందు వేలాడే నక్షత్రానికి అది తోబుట్టువే. డిసెంబరు 16 నుంచి 24 వరకు తొమ్మిది రోజులు సింబాంగ్ గబీ ప్రార్థనలు. స్వదేశంలో రైతులు పొలానికి పోయేముందు తెల్లవారుజామునే జరిగేవి, మన ధనుర్మాసం కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే మొదలై తెల్లవారకముందే గుళ్లో పొంగలి పెట్టినట్టు. దుబాయ్‌లో ఉద్యోగ వేళల వల్ల సాయంత్రం జరుపుతారు. ఊద్ మేథాలోని సెయింట్ మేరీస్ చర్చికి వెళ్లాలంటే కారు తీయకండి, ఆ రోజుల్లో పార్కింగ్ దొరకదు. మెట్రో గ్రీన్ లైన్‌లో ఊద్ మేథా స్టేషన్‌లో దిగి నడవడం మేలు. 24 అర్ధరాత్రి నోచె బ్వేనా విందు, 31న మెడియా నోచె. కొత్త సంవత్సరానికి బల్ల మీద పన్నెండు రకాల గుండ్రటి పండ్లు పెడతారు, నెలకొకటి చొప్పున. మీరు దానిమ్మ, బత్తాయి తీసుకెళ్తే సరిగ్గా సరిపోతాయి. ఆ రాత్రికి చికెన్ తేవద్దు. కోడి గీరుకుని తిన్నట్టు ఏడాదంతా వెతుక్కుని బతకాల్సి వస్తుందని చాలామంది నమ్ముతారు.

ఇలా పరిచయం పెరిగాక ‘పలువాగన్’లో చేరమంటారు. ఇది మన చిట్టీయే, పాట మాత్రం ఉండదు. పదిమంది నెలకు 500 దిర్హాములు వేస్తే వంతులవారీగా ఒక్కొక్కరికి 5,000 వస్తుంది. వడ్డీ లేదు, కాగితమూ లేదు. మొదటి వంతు తీసుకున్నవాళ్లు ఉద్యోగం పోయి విమానం ఎక్కితే మిగతావాళ్ల డబ్బు మునిగినట్టే, దాన్ని వసూలు చేసుకునే దారి ఉండదు. ఏడాదైనా ముఖపరిచయం లేనివాళ్లున్న గుంపులో చేరకండి, చేరితే మధ్య వంతు అడగండి. పోతే తట్టుకోగలిగినంతే వేయండి. ఎవరికైనా ఆపద వచ్చిందని మీరే వాట్సాప్‌లో చందాలు మొదలుపెట్టొద్దు. ఇక్కడ అనుమతి లేకుండా విరాళాలు సేకరించడం చట్టరీత్యా నేరం. ఆ కుటుంబానికి సాయం చేయాలనుకుంటే మీ వంతు నేరుగా వాళ్ల చేతికే ఇవ్వండి.