ఏ1, ఏ2 తేల్చే ల్యాబ్ పని: బీఎస్సీ తర్వాత దారి ఏది?

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె, బెంగళూరులో స్థిరపడ్డాం. అమ్మాయి బీఎస్సీ బయోటెక్నాలజీ ఆఖరి ఏడాది. పాలలోని ఒక ప్రోటీన్ రకాన్ని బట్టి ఆవు ఏ1దో ఏ2దో తేల్చే ల్యాబ్‌లో పనిచేస్తానంటోంది. దానికి కోర్సు ఉందా? ఆ పనిని నమ్ముకోవచ్చా?

జవాబు: ఆ ఒక్క పరీక్షకంటూ కోర్సు లేదండీ. ఆ పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకోవద్దని కూడా గట్టిగా చెబుతాను. 2024 ఆగస్టు 21న పాల ప్యాకెట్లపై ఏ1, ఏ2 మాటలు తీసేయమని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది, 26న ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకుంది. ఒక్క లేబుల్ మీద ఆధారపడ్డ ఉద్యోగం ఎంత గట్టిదో మీరే ఆలోచించండి. కానీ ఈ పని నేర్పే చేతినైపుణ్యం ఎక్కడైనా పనికొస్తుంది.

ఆ పాల ప్రోటీన్ పేరు బీటా కేసీన్, అందులో 209 అమైనో ఆమ్లాలు. 67వ చోట హిస్టిడిన్ ఉంటే ఏ1, ప్రోలిన్ ఉంటే ఏ2. ఏ ఆవును ఉంచుకోవాలి, ఏ ఆబోతు వీర్యం వాడాలి అన్నది తేల్చాలంటే డీఎన్‌ఏ చూడాలి. ఆవు మెడ నరం నుంచి 5 మి.లీ. రక్తం, గడ్డకట్టకుండా ఈడీటీఏ మందు వేసిన ట్యూబులో తీస్తారు. హెపారిన్ అనే మందున్న ట్యూబు వాడితే పీసీఆర్, అంటే డీఎన్‌ఏ ముక్కకు లెక్కలేనన్ని నకళ్లు తీసే పని, దెబ్బతింటుంది. తీసిన డీఎన్‌ఏ ఎంత శుభ్రంగా ఉందో చెప్పే 260/280 నిష్పత్తి 1.8 దగ్గర ఉండాలి. పీసీఆర్‌లో వచ్చిన 121 బేస్‌ల ముక్కను డీఎన్‌ఏని కోసే డీడీఈ-1 ఎంజైమ్‌తో కోస్తారు. ఒక రకంలో అది 86, 35గా తెగుతుంది, రెండో రకంలో తెగదు. ముక్కల్ని పరిమాణాన్ని బట్టి విడదీసే జెల్‌లో 121, 86, 35 మూడు గీతలూ కనిపిస్తే ఆవులో రెండు రకాలూ ఉన్నట్టు.

అసలు పొరపాట్లు జరిగేది ఇక్కడే. ఎంజైమ్ పాతదైనా, సమయం చాలకపోయినా కోత సగంలో ఆగుతుంది. అప్పుడు ఒకే రకం ఉన్న ఆవు కూడా రెండు రకాలున్నదానిలా కనిపిస్తుంది. అందుకే రకం ముందే తెలిసిన డీఎన్‌ఏలను ప్రతిసారీ పక్కనే నడపాలి. 35 ముక్క మామూలు పలచటి జెల్‌లో కనిపించకుండా పోతుంది కాబట్టి జెల్ తయారుచేసే అగరోజ్ పొడి 3, 4 శాతం కావాలి. ఇంకొకటి, కవల దూడగా పుట్టిన ఆవు రక్తంలో తోబుట్టువు కణాలు కలిసి ఉండొచ్చు. అలాంటిదానికి కుదుళ్లతో సహా పీకిన తోకవెంట్రుకలే మేలు.

ఇక చదువు. వెటర్నరీ డిగ్రీ లేనిదే పశు జన్యుశాస్త్రంలో వెటర్నరీ పీజీ అయిన ఎం.వి.ఎస్సీ. కుదరదు, ఆ ఆశ పెట్టుకోకండి. బయోటెక్నాలజీ ఎమ్మెస్సీకి గ్యాట్-బి అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయించండి. భారత వ్యవసాయ పరిశోధనా మండలి (ఐసీఏఆర్) పీజీ ప్రవేశ పరీక్ష నోటిఫికేషన్‌లో ఆమె డిగ్రీకి ఏ సబ్జెక్టులున్నాయో కూడా చూడండి. ఈలోగా బెంగళూరు ఆడుగోడిలోని జాతీయ పాడి పరిశోధనా సంస్థ (ఎన్‌డీఆర్‌ఐ) దక్షిణ కేంద్రానికో, హెబ్బాళ వెటర్నరీ కాలేజీకో వెళ్లి, ఇంటర్న్‌షిప్‌కి ఎవరిని అడగాలో కనుక్కోమనండి. ఈ పని చేతికొస్తే ఆబోతుల పితృత్వ నిర్ధారణ, గేదెపాలలో ఆవుపాల కల్తీ పట్టుకోవడం, పశువ్యాధుల పీసీఆర్ పరీక్షలు అన్నీ ఆమెకు అందుబాటులోకి వస్తాయి.

ఏ ల్యాబ్‌లో చేరబోయినా, ఫలితం తేలక మళ్లీ చేసిన శాంపిళ్ల రిజిస్టరు చూపించమని అడగమనండి. అలాంటి రిజిస్టరే లేదంటే ఇంకో ల్యాబ్ వెతుక్కోవడం మంచిది.