మాటల కేంద్రం పక్కన గడ్డ ఉంటే ఫంక్షనల్ ఎమ్మారై నిజంగా అవసరమా?

మీ నాన్నగారికి మెదడు ఎడమ వైపు, మాటకు సంబంధించిన భాగం పక్కనే గడ్డ ఉందని, మామూలు ఎమ్మారై తీశాక కూడా డాక్టర్ ఫంక్షనల్ ఎమ్మారై రాశారని, అది అవసరమా అని అడిగారు. ఎనుమాముల మార్కెట్లో మిర్చి వ్యాపారం చేసే మా పెద్దన్నకు ఇదే పరిస్థితి వచ్చినప్పుడు వెంట ఉన్నవాణ్ని కాబట్టి చెబుతున్నాను: అవసరమే, కానీ మాట పోదన్న హామీ మాత్రం అది ఇవ్వదు.

మామూలు ఎమ్మారై గడ్డను చూపుతుంది గానీ, దాని పక్కనున్న భాగం ఏ పని చేస్తోందో చెప్పదు. మెదడులో ఒక భాగం పనిచేసినప్పుడు అక్కడికి ఆక్సిజన్ నిండిన రక్తం ఎక్కువగా చేరుతుంది. 1990లో జపాన్ శాస్త్రవేత్త సీజీ ఒగావా బృందం వివరించిన ఆ తేడానే ఫంక్షనల్ ఎమ్మారై పట్టుకుని, ఏ భాగం ఏ పని చేస్తోందో మ్యాపులా చూపుతుంది.

అన్నను యంత్రంలో పడుకోబెట్టి, కుడి చేతి వేళ్లను వరుసగా బొటనవేలికి తాకించమన్నారు. తరువాత ఒక ఇంగ్లిష్ అక్షరం చూపి, దానితో మొదలయ్యే మాటలను మనసులో తలచుకోమన్నారట. ఐదో తరగతితో బడి మానేసిన మనిషి ఏం తలచుకుంటాడు? రోగి చేయలేని పని ఇస్తే మ్యాపులో కనిపించాల్సింది కనిపించదు. మేము అడిగిన మీదట బొమ్మలు చూపి, వాటి పేర్లను పెదవులు కదపకుండా తెలుగులోనే అనుకోమన్నారు. తల కదిలితే చిత్రం పాడవుతుంది కనుక, మీ నాన్నగారి చేత ఇవన్నీ ఇంట్లోనే ముందుగా అలవాటు చేయించండి.

గడ్డ చుట్టూ రక్తనాళాల తీరు మారిపోవడం వల్ల, పనిచేస్తున్న భాగం కూడా మ్యాపులో వెలగకపోవచ్చు. పైగా పుర్రె తెరిచాక మెదడు కొంత జరుగుతుంది. అందుకే మా సర్జన్ ఆ మ్యాపును ఎటు నుంచి వెళ్లాలో నిర్ణయించుకోవడానికి వాడుకొని, గడ్డ తీసేటప్పుడు అన్నను మెలకువగా ఉంచి, స్వల్ప కరెంటుతో ఒక్కో చోటును పరీక్షించారు. ఒక చోట తాకించగానే, చాట బొమ్మ చూస్తున్న అన్న ఆగిపోయాడు. "బొమ్మ తెలుస్తాంది, మాటనే వస్తలేదు" అనిపించిందని తరువాత మాతో అన్నాడు. అక్కడున్న కొంత గడ్డను అలాగే వదిలేశారు. కొన్ని వారాలు మాటలు వెతుక్కున్నాడు గానీ, ఇప్పుడు బేరాలు తానే ఆడుతున్నాడు.

పేస్‌మేకర్ గానీ, ఒంట్లో లోహపు క్లిప్పులు గానీ ఉంటే స్కానింగ్‌కు ముందే చెప్పండి. ఆపరేషన్ మెలకువలో చేస్తారా, మత్తులోనా అన్నది కూడా సర్జన్‌ను ఇప్పుడే అడగండి.