బొగ్గు మీద పీహెచ్‌డీనా? ఒక తండ్రి బెంగ

ప్రశ్న: మాది గరివిడి. అమ్మాయి ఎమ్మెస్సీ ఫిజిక్స్ పూర్తి చేసింది, జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వచ్చింది. ఏదో వింత లోహం మీద కార్బన్ అణువులు ఎలా అతుక్కుంటాయో చూస్తుందట. బొగ్గు మీద ఐదేళ్లా? ఆరు నెలల డేటా సైన్స్ కోర్సు చాలంటున్నాడు మా బావమరిది. రెండూ పోల్చి చెప్పండి.

జవాబు: పోలుస్తాను గానీ, మీరు రాయని ప్రశ్న ఇంకోటి ఉంది: ‘ఈలోగా పిల్ల పెళ్లి సంగతేంటి?’ పాలకొండ నుంచో టెక్కలి నుంచో ఏటా నాకు ఇదే ప్రశ్న వస్తుంది, సబ్జెక్టు పేరే మారుతుంది.

ఆ వింత లోహం పేరు క్వాసీక్రిస్టల్. 1982లో షెక్ట్‌మన్ అనే శాస్త్రవేత్త దాన్ని మొదట చూసింది అల్యూమినియం, మాంగనీసు కలిపిన లోహంలో. మీ ఊరి చుట్టుపక్కల తవ్వింది ఆ మాంగనీసేనండీ! చాలామంది నమ్మలేదు. 2011లో నోబెల్ ఇచ్చారు. చుక్కల ముగ్గులో తర్వాతి చుక్క ఎక్కడ పడాలో మీ ఇంట్లోవాళ్లు చూడకుండా చెప్పేస్తారు. ఈ లోహంలో పరమాణువుల అమరికకూ పద్ధతి ఉంది, కానీ అదే వరస తిరిగి రాదు. కార్బన్ అంటే ఇక్కడ బొగ్గు కాదు, 60 పరమాణువులతో ఫుట్‌బాల్‌లా ఉండే అణువు. వాటి మీద లోహం పట్టు మరీ గట్టిదైతే ఆ బంతులు పడినచోటే ఉండిపోతాయి. మరీ తక్కువైతే తమలో తాము గుంపుకట్టి మామూలు వరసలో సర్దుకుంటాయి. సరిపడా ఉంటేనే కింది ముగ్గును పైపొర ఎత్తుకుంటుంది. అల్యూమినియం, రాగి, ఇనుము కలిసిన క్వాసీక్రిస్టల్‌ను వేడిచేసి దాని మీద ఆ బంతుల్ని వదిలితే అవి ఇనుము ఉన్న చోట్లు వెతుక్కుంటాయి. గాలి దాదాపు లేని గదిలో, సూదిమొన ఉన్న సూక్ష్మదర్శినితో ఇదంతా చూడటం నేర్చుకున్న పిల్ల చేతికి పని దొరకదంటారా? చిప్‌లైనా, పూతలైనా ఉపరితలాల సంగతేగా.

ఇక బావమరిదిగారి కోర్సు. అలాంటి కోర్సు చేసిన ఇద్దరు కుర్రాళ్లు నా దగ్గరికి రెజ్యూమేలు తెచ్చారు. పేర్లు మూసేస్తే రెండూ ఒకటే, అవే మూడు ప్రాజెక్టులు. స్టాటిస్టిక్స్‌లో చిన్న ప్రశ్న అడిగితే ఇద్దరూ నేల చూపులు. ‘ఉద్యోగం గ్యారంటీ’ అని డబ్బు కట్టించుకున్నవాళ్లు ఇప్పుడు ఫోనెత్తడం లేదట. లెక్కలు గట్టిగా వచ్చినవాళ్లకు ఆ రంగం మంచిదే. ఆరు నెలల సర్టిఫికెట్టు మీదే నాకు గురి లేదు. మీ అమ్మాయి కావాలనుకుంటే పీహెచ్‌డీ చేస్తూనే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటుంది, డేటా కోసం ఎలాగూ తప్పదు.

అసలు కోపం మీ మీద. జేఆర్ఎఫ్ వచ్చిందని రెండు ముక్కల్లో తేల్చేశారు! దేశమంతా పోటీపడే పరీక్ష అది. శభాష్ అన్నారా? నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000, ఇంటద్దె వేరే. కోర్సుకు మీరు కట్టాలి, ఇక్కడ ఆమెకే ఇస్తారు. చదువుకుంటూ పెళ్లి చేసుకున్నవాళ్లు బోలెడుమంది, టెన్షన్ వద్దు. ఆమె ఏమనుకుంటోందో ముందు అడగండి.

పర్మనెంట్ లెక్చరర్ పోస్టులు తక్కువ, అది దాచను. అందుకే చేరేముందు ల్యాబ్‌కు వెళ్లండి. సూక్ష్మదర్శిని నడుస్తోందా, రిపేర్లోనే ఉందా? పాత విద్యార్థులు ఎన్నేళ్లకు బయటపడ్డారు, ఇప్పుడెక్కడున్నారు? మీరూ వెంట వెళ్లండి, కానీ ప్రశ్నలు ఆమెనే అడగనివ్వండి.